పిల్లాడు మళ్ళీ హాస్టల్‌కి వెళ్ళనంటున్నాడు, ఎవరిని అడగాలి?

భవానీపురం_అమ్మ
మా అబ్బాయి ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. విజయవాడ పక్కనే ఒక కాలేజీ హాస్టల్లో ఉంటున్నాడు, పేరు వద్దు. సెలవులకి ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి మనిషి మనిషిలా లేడు. తిండి సరిగా తినడు, రాత్రి పడుకోడు, పగలంతా దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగి ఉంటాడు. పదో తరగతి దాకా క్రికెట్ బ్యాట్ వదలని పిల్లాడు ఇప్పుడు ఫ్రెండ్స్ వచ్చి పిలిచినా బయటికి రావడం లేదు. రేపు దింపి రావాలని వాళ్ళ నాన్న బ్యాగు సర్దితే, "నేను వెళ్ళను, నావల్ల కాదు" అన్నాడు. అంతే, తర్వాత ఒక్క మాట లేదు. ఫోన్ చేస్తే ఫ్లోర్ ఇన్‌చార్జి "అందరూ ఇలాగే అంటారమ్మా, రెండు రోజులు పోతే సర్దుకుంటాడు" అంటున్నారు. మా అత్తగారు దిష్టి అంటున్నారు. నాకు టెన్షన్‌తో చేతులు ఆడటం లేదు. ఇలాంటప్పుడు ఎవరి దగ్గరికి వెళ్ళాలి? ఆసుపత్రికా, కౌన్సిలర్ దగ్గరికా? అసలు విజయవాడలో పిల్లలకని ఏమైనా ఉన్నాయా?

కృష్ణలంక_కుర్రాడు
అక్కా, రేపు మాత్రం దింపొద్దు. మిగతావి తర్వాత చూడొచ్చు.

రిటైర్డ్_హెడ్మాస్టర్
అమ్మా, ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలతో గడిపినవాణ్ణి. ఇంటి బెంగ అందరికీ ఉంటుంది. ఇప్పుడు వద్దంటే సరేనని ఇంట్లో కూర్చోబెడితే, రేపు ప్రతి కష్టానికీ అదే మాట అంటాడు. తండ్రి పక్కన కూర్చుని గట్టిగా ధైర్యం చెప్పి పంపడమే మంచిదని నా ఉద్దేశం.

పటమట_లక్ష్మి
మాస్టారూ, ఇంటి బెంగ ఉన్న పిల్లాడు ఇంటికొచ్చాక బాగుండాలి కదా? ఇంట్లో ఉండి కూడా తిండి, నిద్ర లేవంటే అది బెంగ కాదు. ఆవిడ రాసింది ఇంకోసారి చదవండి.

తెనాలి_సిస్టర్
లక్ష్మిగారు సరిగ్గా పట్టుకున్నారు. నేను స్టాఫ్ నర్సుని, ఇలాంటి పిల్లల్ని వార్డులో చూస్తూనే ఉంటాను. భవానీపురం అమ్మగారూ, ఇవాళే చేయాల్సినవి చెప్తాను.

ముందు బాబు పక్కన ఊరికే కూర్చోండి. చదువు, ఫీజు, పక్కింటి పిల్లాడి ర్యాంకు, ఏదీ ఎత్తొద్దు. కాసేపయ్యాక సూటిగా అడగండి: "నాన్నా, చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?" ఈ మాట అడగడానికి తల్లులు భయపడతారు, మనమే ఆ ఆలోచన పుట్టిస్తామేమో అని. అలా జరగదు. పిల్లలు చాలామంది ఎవరైనా అడిగితే బాగుండని ఎదురుచూస్తుంటారు. అవునన్నా, తల ఊపినా, మౌనంగా ఏడ్చినా ఒంటరిగా వదలొద్దు. ఇంట్లో నిద్రమాత్రలు, ఎలుకల మందు లాంటివి తీసేయండి. ఇది చదువుతున్న గుంటూరు పల్లెలవాళ్ళకి కూడా చెప్తున్నా, మిరపతోటకి తెచ్చిన పురుగుమందు డబ్బాలు పశువుల కొట్టంలో అలా వదిలేయకండి, తాళం వేసిన చోట పెట్టండి. క్షణికావేశంలో చేతికి అందకపోవడమే ఎన్నో ప్రాణాలు నిలబెడుతుంది.

తర్వాత 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది. రాత్రీ పగలూ ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. బాబు మాట్లాడకపోయినా మీరు మాట్లాడొచ్చు. ఈ రాత్రికి ఎలా గడపాలో వాళ్ళు చెప్తారు. ఆ నంబరు కలవకపోతే 1800-891-4416.

రేపు పొద్దున డాక్టరు దగ్గరికి.

భవానీపురం_అమ్మ
అడగాలంటే గుండె దడగా ఉంది. అడుగుతాను. డాక్టరంటే సైకియాట్రిస్టా? మావారు "కుర్రాడికి పదహారేళ్ళు, అప్పుడే పిచ్చి డాక్టరా" అంటున్నారు.

తెనాలి_సిస్టర్
సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ చేసి ఆపైన మనసుకి సంబంధించి పీజీ చేసిన డాక్టరు. మందు అవసరమో కాదో ఆయనే తేల్చాలి. క్లినికల్ సైకాలజిస్టు మందు రాయరు, మాట్లాడి, పరీక్షలు పెట్టి థెరపీ చేస్తారు. ముందు మొదటివారికి చూపించండి, అవసరమైతే ఆయనే రెండోవారి దగ్గరికి పంపుతారు. బోర్డు మీద కౌన్సిలర్ అని ఉంటే సరిపోదు. క్లినికల్ సైకాలజిస్టు అయితే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉండాలి, నంబరు అడగడానికి మొహమాటపడొద్దు.

ప్రభుత్వంలో అయితే గుణదలలో సిద్ధార్థ మెడికల్ కాలేజీ దగ్గరున్న కొత్త ప్రభుత్వాసుపత్రికి వెళ్ళండి. గుంటూరువాళ్ళకి జీజీహెచ్ ఉంది. రెండుచోట్లా సైకియాట్రీ విభాగం ఉంది, పొద్దున్నే ఓపీ చీటీ రాయించుకోవాలి.

బ్రాడీపేట_ప్రసాద్
ఎవరైనా చూస్తారని విజయవాడవాళ్ళు గుంటూరు వెళ్తారు, గుంటూరువాళ్ళు విజయవాడ వెళ్తారు. మా తమ్ముడి కూతుర్ని తీసుకుని మేమూ అలాగే వారధి దాటి వెళ్ళాం. వెయిటింగ్ హాల్లో మా వీధి మేష్టారి కుటుంబం! ముందు అటూ ఇటూ చూసుకున్నాం, తర్వాత వాళ్ళే లేచొచ్చి పక్కన కూర్చున్నారు. ఆ రోజు నుంచీ రెండు ఇళ్ళకీ రాకపోకలు పెరిగాయి. పాప ఇప్పుడు డిగ్రీ రెండో ఏడు.

పటమట_లక్ష్మి
అది చదివితే మనసు తేలికైంది ప్రసాద్ గారూ.

అమ్మగారూ, మీ అత్తగారితో వాదన పెట్టుకోకండి. దిష్టి తీయనివ్వండి, దుర్గమ్మ దగ్గరికీ వెళ్ళండి. డాక్టరు దగ్గరికి వెళ్ళడం మాత్రం ఆపకండి.

బ్రాడీపేట_ప్రసాద్
అసలు విషయం ఒకటి చెప్పాలి. హాస్టళ్ళ గురించి సుప్రీంకోర్టు 2025 జులైలో తీర్పిచ్చింది. కేసు మన రాష్ట్రానిదే, విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న అమ్మాయి హాస్టల్లో చనిపోయిన కేసు. ప్రభుత్వం చట్టం చేసేదాకా దేశమంతా పాటించమని 15 మార్గదర్శకాలు ఇచ్చారు. స్కూళ్ళు, కాలేజీలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు అన్నిటికీ వర్తిస్తాయి. వందమంది, అంతకు మించి పిల్లలున్నచోట అర్హత ఉన్న కౌన్సిలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరినైనా పెట్టాలి. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టల్లో అందరికీ కనపడేలా పెద్ద అక్షరాలతో రాయాలి. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టడం, అందరి ముందూ అవమానించడం మానాలి.

కాలేజీకి వెళ్ళినప్పుడు "మీ కౌన్సిలర్ ఎవరు, ఏ రోజు ఉంటారు" అని అడగండి. అడిగే తల్లిదండ్రులుంటేనే పెడతారు. "అందరూ ఇలాగే అంటారు" అని ఫోన్ పెట్టేయడం కుదరదు.

రిటైర్డ్_హెడ్మాస్టర్
బ్యాచ్‌ల విషయంలో తీర్పు "వీలైనంతవరకు" అంది ప్రసాద్ గారూ, పూర్తిగా నిషేధించలేదు. వెనకబడ్డ పిల్లలకి విడిగా చెబితేనే అర్థమవుతుందని నేనిప్పటికీ నమ్ముతాను. మా బళ్ళో సాయంత్రాలు అలాగే కూర్చోబెట్టి గట్టెక్కించాం.

కృష్ణలంక_కుర్రాడు
మాస్టారూ, మీరు చెప్పేది వేరు, అక్కడ జరిగేది వేరు. మీరు వెనకబడ్డవాళ్ళకి ఇంకో గంట ఎక్కువ చెప్పారు. మాకు పై సెక్షన్‌కి మంచి లెక్చరర్లు, కింది సెక్షన్‌కి కొత్తగా చేరినవాళ్ళు. వీకెండ్ టెస్టు మార్కుల్ని బట్టి సెక్షన్ మారిపోతుంది. సోమవారం పొద్దున నోటీసు బోర్డు దగ్గరికి వెళ్ళాలంటే కడుపులో నొప్పి వచ్చేది, నిజంగా నొప్పి. గ్యాస్ అని మాత్రలిచ్చేవాళ్ళు. నిన్న నా పక్కన అన్నం తిన్నవాడు పై సెక్షన్‌కి వెళ్ళాక ఇవాళ నన్ను చూసి తల తిప్పుకునేవాడు. వాడిని తప్పుపట్టను, వాడి భయం వాడిది.

మా అమ్మ టైలరింగ్ చేస్తుంది. నేను వద్దన్న రోజు ఆవిడ కట్టిన ఫీజు సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఇంటి దగ్గర చిన్న కాలేజీలో డే స్కాలర్‌గా చేర్చింది. ఇప్పుడు పాలిటెక్నిక్ లెక్చరర్‌గా పనిచేస్తున్నాను. అక్కా, మీ వాడికి దారులు చాలా ఉన్నాయి. రెసిడెన్షియల్ నుంచి డే స్కాలర్‌కి మారొచ్చు, కాలేజీ మారొచ్చు, ఈ ఏడాది ఆగి ఓపెన్ స్కూల్లో ఇంటర్ రాయొచ్చు. ఏది కావాలో కాస్త కోలుకున్నాక వాడినే అడగండి.

రిటైర్డ్_హెడ్మాస్టర్
బాబూ, నీ కడుపునొప్పి మాట నన్ను కదిలించింది. అలాంటి విభజనని నేను సమర్థించను. చదువు పూర్తిగా ఆపించకండి అన్నదొక్కటే నా మాట, దాని మీద నిలబడతాను.

ఇంకొకటి కూడా తల్లిదండ్రులు గమనించాలి. పిల్లవాడు ఒక్కసారిగా మారిపోతే గంజాయి సంగతీ చూసుకోవాలి. ఈ అబ్బాయి గురించి అనడం లేదు. మన రాష్ట్రంలో మత్తుమందుల మీద ఈగల్ విభాగం ఉంది, 1972కి ఫోన్ చేసి అమ్మేవాళ్ళ సంగతి చెప్పొచ్చు. అలవాటు మాన్పించడానికి జాతీయ హెల్ప్‌లైన్ 14446.

తెనాలి_సిస్టర్
మాస్టారు చెప్పింది అవసరమైన మాట. పిల్లాడి జేబులు వెతికి కొట్టడం కంటే 14446కి ఫోన్ చేయడం మేలు.

మంగళగిరి_నాన్న
వేరే విషయం, ఇక్కడే అడుగుతున్నా. మా పాపకి మూడేళ్ళు దగ్గర పడుతున్నాయి. అమ్మ, నాన్న తప్ప మాటలు రాలేదు. పిలిస్తే తిరగదు, వేలు పెట్టి చూపించదు, మూతల్ని గంటల తరబడి తిప్పుతూ కూర్చుంటుంది. చెవుడేమో అనుకుంటే, టీవీలో ప్రకటన పాట రాగానే పక్కగదిలోంచి పరిగెత్తుకొస్తుంది. ప్రైవేటులో థెరపీ అంటే నెలకి మా జీతంలో సగం అడుగుతున్నారు.

అమరావతి_రోడ్డు
కంగారుపడకండి, మా పెద్దమ్మ మనవడు అయిదేళ్ళకి మాట్లాడాడు. ఇప్పుడు ఆపమన్నా ఆపడు.

తెనాలి_సిస్టర్
ఆ బాబు మాట్లాడాడు, సంతోషం. కానీ "కొంతమంది ఆలస్యంగా మాట్లాడతారు" అని ఆగిపోయి మంచి వయసు పోగొట్టుకున్న పిల్లలు ఉన్నారు. పేరు పెట్టి పిలిస్తే పలకకపోవడం, వేలితో చూపించకపోవడం రెండూ ఉన్నప్పుడు ఆగకూడదు. ముందు చెవి పరీక్ష చేయించండి, పాటకి పరిగెత్తినా సరే. తర్వాత పిల్లల డాక్టరు చేత ఎదుగుదల పరీక్ష. ఆటిజం అవునో కాదో వాళ్ళు చెప్తారు, మనం ఇక్కడ చెప్పకూడదు.

డబ్బు సంగతి. ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) అని 2013 నుంచి నడుస్తున్న పథకం ఉంది. పుట్టిన దగ్గర్నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బళ్ళలో పిల్లల్ని పరీక్ష చేస్తారు. అందులో మాట ఆలస్యం, ఎదుగుదల ఆలస్యం, వినికిడి, గుండె లోపాలు కూడా ఉన్నాయి. తేడా కనిపిస్తే డీఈఐసీ అనే జిల్లా కేంద్రానికి పంపిస్తారు, అక్కడ థెరపీ ఉచితం. పాప ప్రైవేటు ప్లేస్కూల్‌కి వెళ్తున్నా మీ ఏఎన్‌ఎంనో, అంగన్‌వాడీ టీచర్నో కలిసి రెఫర్ చేయమనండి. థెరపీ వాళ్ళు నేర్పింది ఇంట్లో మీరూ చేయాలి. స్నానం చేయించేటప్పుడు, అన్నం పెట్టేటప్పుడు ఎదురుగా కూర్చుని చిన్న చిన్న మాటలు. ఫోన్, టీవీ బాగా తగ్గించండి.

మంగళగిరి_నాన్న
ఏఎన్‌ఎం మా వీధికే వస్తారు, ఈ సంగతి అడగొచ్చని తెలియదు. రేపే కలుస్తాను.

కానూరు_పద్మ
మా చెల్లి భర్త పోయి ఏడాదైంది. ఇద్దరు పిల్లలు, ఏడు, నాలుగు తరగతులు. చెల్లి బట్టల కొట్లో పనిచేస్తుంది. పెద్దాణ్ణి బడి మాన్పించి మెకానిక్ షెడ్డులో పెడదామని మరిది అంటున్నాడు. ఏదైనా సాయం ఉంటుందా?

అరండల్‌పేట_లాయర్
ఉంది. మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్ అని నెలకి ఒక్కో బిడ్డకి 4,000 రూపాయలు ఇస్తారు. భర్త పోయినవాళ్ళ పిల్లలు, విడాకులైనవాళ్ళ పిల్లలు, తల్లిదండ్రులు లేక బంధువుల దగ్గర పెరిగేవాళ్ళు, తల్లికో తండ్రికో ప్రాణాంతక జబ్బు ఉన్నవాళ్ళు అర్హులు. కుటుంబ ఆదాయం ఏడాదికి పల్లెల్లో 72,000, పట్టణాల్లో 96,000 మించకూడదు. దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ విభాగంలో ఇవ్వాలి, డీసీపీయూ అంటే చెప్తారు. మరణ ధ్రువపత్రం, ఆధార్, ఆదాయ పత్రం, పిల్లల స్టడీ సర్టిఫికెట్, బ్యాంకు ఖాతా సిద్ధం చేసుకోండి. ఇంటికొచ్చి విచారణ చేస్తారు. వెంటనే రాదు, వెంటపడాలి.

ఒక మెలిక ఉంది. మీ చెల్లి కూడా కానూరులోనే ఉంటే, బెంజి సర్కిల్‌కి కూతవేటు దూరమైనా మీది ఎన్టీఆర్ జిల్లా కాదు, కృష్ణా జిల్లా. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు పెనమలూరు మండలం అటు పోయింది. అర్జీలకి మచిలీపట్నమే. తెలియక విజయవాడ కలెక్టరేట్ చుట్టూ తిరిగేవాళ్ళని చూశాను.

పెద్దాణ్ణి షెడ్డులో పెట్టడం మాత్రం చట్టం ఒప్పుకోదు. పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని పనిలో పెట్టుకుంటే షెడ్డు యజమాని మీద కేసు పడుతుంది. మరిదికి ఆ మాట నెమ్మదిగా చెప్పండి. వినకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

కానూరు_పద్మ
1098 అంటే పిల్లల్ని తీసుకెళ్ళిపోతారని చెల్లికి భయం.

అరండల్‌పేట_లాయర్
అలా జరగదు. 1098 పద్దెనిమిదేళ్ళ లోపు ఏ బిడ్డకైనా. తప్పిపోయినా, కొడుతున్నా, పనిలో పెట్టినా, పెళ్ళి చేస్తున్నా ఫోన్ చేయొచ్చు. బిడ్డే చేయొచ్చు, పక్కింటివాళ్ళూ చేయొచ్చు. నిర్ణయం తీసుకునేది బాలల సంక్షేమ కమిటీ. కుటుంబం నుంచి విడదీయడం ఆఖరి మార్గం అని 2015 బాలల న్యాయ చట్టమే చెప్తోంది. తల్లి దగ్గర బాగా పెరుగుతున్న పిల్లల్ని ఎవరూ లాక్కోరు.

లాయర్ అవసరమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఉచితం. ఆడవాళ్ళకి, పిల్లలకి ఆదాయంతో సంబంధం లేదు. ఫోన్ 15100.

పటమట_లక్ష్మి
విజయవాడ స్టేషన్లో దిగే పిల్లల కోసం కూడా ఇదే నంబరు. నాలుగు దిక్కుల రైళ్ళూ వచ్చే జంక్షన్ కదా, ఇంట్లో అలిగి ఎక్కినవాళ్ళు ఎందరో ఇక్కడ దిగుతారు. నవజీవన్ బాలభవన్ వాళ్ళు ఎన్నో ఏళ్ళుగా అలాంటి పిల్లల్ని చేరదీస్తున్నారు. ప్లాట్‌ఫారం మీద ఒంటరి పిల్లాడు కనిపిస్తే బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చి వచ్చేయకండి, ఆర్‌పీఎఫ్ వాళ్ళకి చెప్పండి, లేదా 1098.

పేరు_రాయలేను
చాలాసేపు ఆలోచించి రాస్తున్నాను. మా అమ్మాయికి పదిహేను. ఆన్‌లైన్లో పరిచయమైనవాడు ఒక ఫొటో తెప్పించుకుని, ఇంకా పంపకపోతే అందరికీ పెడతానంటున్నాడు. డబ్బు కూడా అడుగుతున్నాడు. నిన్న రాత్రి తనే ఏడుస్తూ చెప్పింది. మావారికి చెబితే చంపేస్తారేమో అని భయం.

అరండల్‌పేట_లాయర్
అమ్మా, పాప మీకు చెప్పింది. అదే అన్నిటికంటే పెద్ద బలం. వెంటనే ఇవి చేయండి. డబ్బు ఇవ్వొద్దు, ఇస్తే ఆగడు. బెదిరింపులు, వాడి ఖాతా పేరు, లింకు స్క్రీన్‌షాట్ తీసి పెట్టండి. చాట్ చెరిపేయకండి. ఆ తర్వాత బ్లాక్ చేయండి. సైబర్ క్రైమ్ పోర్టల్లో మహిళలు, పిల్లల విభాగం విడిగా ఉంది, పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు. డబ్బు ఇప్పటికే పోయి ఉంటే 1930. ఫొటో పాకకుండా ఉండటానికి టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవ పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళ కోసమే ఉంది. ఫొటో మీ ఫోన్ దాటి వెళ్ళదు, దాని నుంచి తయారైన సంకేతం మాత్రమే వెళ్తుంది, దాన్ని బట్టి ఆ సేవలో చేరిన యాప్‌లు ఆ ఫొటోని గుర్తుపట్టి ఆపుతాయి.

పోలీసు కేసంటే భయపడకండి. ఇది పోక్సో, అంటే పిల్లలపై లైంగిక నేరాల చట్టం కిందికి వస్తుంది. పాప వాంగ్మూలం ఇంటి దగ్గరే తీసుకోవచ్చు, వీలైనంతవరకు మహిళా ఎస్సై రావాలి, యూనిఫాంలో రాకూడదు. పాప పేరు ఎక్కడా బయటపెట్టకూడదు.

తెనాలి_సిస్టర్
పాపకి ఈ రాత్రి ఒక్క మాట చెప్పండి: "తప్పు వాడిది, నేనున్నాను." ఇలాంటి బెదిరింపుల్లో పిల్లలు తొందరపడతారు, పక్కనే పడుకోండి. ఆయనకి ఒక్కరే చెప్పలేకపోతే మీ అన్ననో అక్కనో పక్కన పెట్టుకుని చెప్పండి.

పేరు_రాయలేను
అన్నయ్య ఉయ్యూరులో ఉంటాడు. పిలిచాను, బయల్దేరాడు.

భవానీపురం_అమ్మ
నిన్న మీరు చెప్పినట్టు అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత రెండు నెలలుగా అలా అనిపిస్తోందని చెప్పాడు. వాళ్ళ నాన్న తలుపు దగ్గర నిలబడి విన్నారు. ఆయనే 14416 కలిపారు. పొద్దున గుణదల వెళ్ళాం, ముగ్గురం. డాక్టరు బాబుతో విడిగా మాట్లాడారు. డిప్రెషన్ అన్నారు, మందు రాశారు, పని చేయడానికి కొన్ని వారాలు పడుతుందని, మధ్యలో ఆపొద్దని చెప్పారు. వచ్చే వారం సైకాలజిస్టు దగ్గరికి. కాలేజీకి మావారే ఫోన్ చేసి ఇప్పట్లో పంపబోమని చెప్పారు. కౌన్సిలర్ ఎవరని కూడా అడిగారు, "కనుక్కుని చెప్తాం" అన్నారు.

రిటైర్డ్_హెడ్మాస్టర్
అమ్మా, బాబు కుదుటపడ్డాక లెక్కల్లో సాయం కావాలంటే చెప్పండి. నేను సింగ్‌నగర్లోనే ఉంటాను. పరీక్షల కోసం కాదు, వాడికి ఇష్టమైతేనే.

కృష్ణలంక_కుర్రాడు
మాస్టారూ, ఫిజిక్స్ నాకు వదిలేయండి.

మంగళగిరి_నాన్న
ఏఎన్‌ఎం చీటీ రాసిచ్చారు. సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ తీసుకోవాలా అని ఒకరు, ఇప్పుడే వద్దు పాప మీద ముద్ర పడుతుందని ఇంకొకరు అంటున్నారు. బడి మాటేమిటి?

పటమట_లక్ష్మి
ముందు డాక్టరు తేల్చనివ్వండి. ఆటిజం అని తేలితే మాత్రం సర్టిఫికెట్ తీసుకోండి, అది పాప హక్కు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, ఆటిజం, డిస్లెక్సియా లాంటి నేర్చుకునే ఇబ్బందులు కూడా అందులోవే. మా అబ్బాయికి డిస్లెక్సియా. ఆ కాగితం ఉండబట్టే పదో తరగతిలో స్క్రైబ్ (వాడు చెప్తుంటే పరీక్ష రాసిపెట్టే మనిషి), అదనపు సమయం వచ్చాయి. సదరం స్లాట్ మీ వార్డు సచివాలయంలో బుక్ చేస్తారు.

ఆటిజం ఉన్న పిల్లలకి నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ బీమా ఉంది, ఏడాదికి లక్ష దాకా, థెరపీ ఖర్చుకి కూడా కొంత వస్తుంది. బడి వయసు వచ్చాక మండలంలో ఉన్న భవిత కేంద్రం చూడండి. ప్రత్యేక టీచర్లుంటారు, ఫిజియోథెరపీ రోజులుంటాయి. ఇంటికి దూరమైనా ఒకసారి వెళ్ళి కూర్చుని చూడండి, టీచరు బాగుంటే వదలకండి.

మంగళగిరి_నాన్న
సచివాలయం సోమవారం తెరవగానే వెళ్ళి స్లాట్ సంగతి కనుక్కుంటాను. డాక్టరు ఏం చెప్పారో ఇక్కడే రాస్తాను.